ఇస్రాయేలు కుడిపక్క

మస్కట్‌లో అజైబా అనే పేటలో పెద్ద రోడ్డుకి కాస్త లోపలగా అద్దాల ఆఫీసు బిల్డింగు ఒకటుంది. గోను తుఫాను వచ్చిపోయిన మరుసటేడు ఆ బిల్డింగు గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్ పేరు ఇస్రాయేలు. బాపట్ల వైపు మనిషి, మాజీ సైనికుడు. గేటు దగ్గర నిలబడ్డమేగా, అదీ ఒక పనేనా అంటారు చాలామంది. జూన్ నెలలో మస్కట్ ఎండలో ఒక్క పూట నిలబడి వచ్చి అప్పుడు మాట్లాడమనండి వాళ్ళని. తారు మెత్తబడి బూటుకి అంటుకుంటుంది. గాలి వీస్తే ప్రాణం లేచిరావాల్సింది పోయి, పొయ్యి మీంచి వచ్చినట్టు మొహాన కొడుతుంది.

అంత ఎండలోనూ ఇస్రాయేలు చొక్కా ఎడమవైపే తడిసేది. కుడి భుజం, కుడి చంక, వీపులో కుడి సగం అప్పుడే ఇస్త్రీ చేసి తొడిగినట్టు పొడిగా ఉండేవి. ఎదురుగా కెఫ్టీరియా నడిపే మలయాళీ అది చూసి, మీ కంపెనీవాళ్ళు నీకు సగానికే ఏసీ పెట్టించారా భాయ్ అని ఏడిపించేవాడు. ఇస్రాయేలు నవ్వేసి ఊరుకునేవాడు. ఎందుకు పొడిగా ఉందో అతనికి తెలుసు. చెప్తే ఎవరు నమ్ముతారు? నమ్మినా కష్టమే, ఆ తర్వాత రూములో పక్క మంచం మీద ఎవరు పడుకుంటారు?

సరే, ముందు కాపురం సంగతి చెప్పాలి. తంటా అంతా దానికోసమే. ఇస్రాయేలు భార్య జ్ఞానాంబ నర్సు. మస్కట్‌కి దూరంగా సహం అనే ఊళ్ళో ఒక ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి ఆవిడే ముందు ఒమన్ వచ్చింది. ఇతను పటాలం నుంచి దిగి, ఆవిడ వెనకాలే సెక్యూరిటీ కంపెనీ వీసా మీద వచ్చాడు. వచ్చాడే గానీ ఏం లాభం, ఆవిడ అక్కడ నర్సుల హాస్టల్లో, ఇతను ఇక్కడ కంపెనీ రూములో. సర్వీసు ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఊళ్ళో, ఇతను కొండల మీద. ఇప్పుడు ఒకే దేశంలో ఉండి కూడా శుక్రవారం శుక్రవారం చుట్టాల్లాగా చూసుకోడమే. ఇద్దరికీ నలభై దాటాయి, పిల్లల్లేరు. ఇంకెప్పుడు చేస్తారు కాపురం, నెత్తి పూర్తిగా నెరిశాకా?

అలాంటి సమయంలో కంపెనీవాళ్ళకి సేఫ్టీ ఆఫీసరు కావాల్సొచ్చాడు. ఆ ఉద్యోగానికి మస్కట్ పక్కనే సీబ్‌లో ఫ్యామిలీ క్వార్టరు ఇస్తారు. సీబ్‌లో క్లినిక్కులకు కొదవ లేదు, జ్ఞానాంబ మారిపోవచ్చు. ఇద్దరూ ఒక కప్పు కింద ఉండొచ్చు. కాకపోతే ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా ఉండాలి, దాని ఫీజు వాచ్‌మన్ జీతగాడు ఊహించుకునేది కాదు. ఇక లాభం లేదనుకుంటుండగా ఒక కబురు తెలిసింది. అజైబాలోనే ఒక ప్రైవేటు కాలేజీ ఉంది, దాని ఓనరు ఒమానీ సైన్యంలో పనిచేసి దిగిన పెద్దాయన. ఏ దేశపు సైన్యమైనా సరే, యూనిఫాం వేసి మర్యాదగా దిగినవాడి దగ్గర నేను ఫీజు పుచ్చుకోను అని ఆయన పట్టు. డిశ్చార్జి బుక్కు చూపించి కూర్చోవడమే. అయితే ఒక్కటే షరతు. ఫ్రీ సీటు మనిషికి ఒక్కసారే. ఫెయిలయితే ఆ సీటు ఇంకో సైనికుడికి పోతుంది, మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వరు.

ఇస్రాయేలు జ్ఞానాంబకి ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్లోంచి ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది. ఆవిడ ఏడుస్తోందని ఇతనికి అర్థమైంది.

మొదటి రోజే కథ అడ్డం తిరిగింది.

క్లాసులో ఎనిమిది మంది. నేపాలీ ఒకడు, బంగ్లా ఒకడు, పాకిస్తాన్ బలూచీలు ఇద్దరు, ఒమానీలు ఇద్దరు, మన తెలుగువాళ్ళు ఇద్దరు. ఆ రెండో తెలుగువాడు రియాజ్. కడప జిల్లా మనిషి, పటాలంలో డ్రైవరుగా చేసి దిగాడు. నోరు మంచిది, మనసు ఇంకా మంచిది. వీళ్ళకి పాఠం చెప్పేది ఉస్తాద్ అబ్దుల్. ఒమానీ బలూచీ, ఆయనా పాత సుబేదారు లాంటి మనిషే, హిందీ మన క్యాంటీన్ హిందీలాగా గడగడా మాట్లాడేవాడు. వచ్చీ రాగానే అందర్నీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరూ తమ అంకె పలుకుతూ గిన్తీ చెప్పమన్నాడు. పటాలంలో పనిచేసినవాడికి ఆ మాట వింటే చాలు, మెదడుతో పని లేకుండా నోరే పలుకుతుంది.

పొడుగువాడు కాబట్టి ఇస్రాయేలు వరసకి కుడి చివర నిలబడ్డాడు. "ఏక్" అన్నాడు. పక్కవాడు నోరు తెరిచేలోగా మళ్ళీ తనే "దో" అన్నాడు. రియాజ్ తడబడి తీన్ అన్నాడు. అలా పోయి పోయి ఆ చివర ఒమానీ నౌ అన్నాడు. ఉస్తాద్ తలలు లెక్కపెట్టుకున్నాడు, ఎనిమిదే ఉన్నాయి. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ తొమ్మిదే వచ్చింది. అందరూ నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. ఇస్రాయేలు మొహం కేసి, తర్వాత అతని కుడిపక్క ఉన్న ఖాళీ కేసి చూసి, కూర్చోమన్నాడు.

ఆ ఏక్ ఎవరిదో చెప్పాలంటే కొండ మీదికి పోవాలి.

పైన మంచులో ఒక చిన్న పోస్టు ఉండేది. అక్కడ ఇస్రాయేలుకి కుడిపక్క మంచం గంగాధరానిది. శ్రీకాకుళం మనిషి. పటాలంలో అంత చదువు పిచ్చి ఉన్నవాడు ఇంకొకడు ఉండడు. అందరూ పైకి బీడీలు, ఊరగాయలు మోసుకెళ్తే అతను ఇంటర్ పుస్తకాలు మోసుకెళ్ళాడు. సెంట్రీ దిగివచ్చి, చేతులు స్టవ్ దగ్గర కాచుకుని, లెక్కలు చేసుకునేవాడు. "సర్వీసు అవగానే కాలేజీల సేరిపోతాన్రా ఇస్రాయేలూ, ముసిలోళ్ళా ఎనకబెంచీల కూకుంతాను" అనేవాడు. ఇస్రాయేలుకి మ్యాప్ చదవడం నేర్పింది అతనే. ఇంటికి ఇంగ్లీషులో అడ్రసు రాయడం నేర్పిందీ అతనే.

ఒకనాడు పొద్దున్నే కిరసనాయిలు డబ్బా తేవడానికి వంద గజాలు కిందికి వెళ్ళాడు, కొండ చరియ కదిలింది. తవ్వారు, కుక్కల్ని తెచ్చి వెతికారు, దొరకలేదు. తల మీది ఉన్ని టోపీ కూడా దొరకలేదు. శవాన్ని చూడకుండా పోయాడని ఎలా అంటాం అని పోస్టులో అందరూ ఒక మాట మీద నిలబడ్డారు. అలాంటి పోస్టుల్లో అదొక ఆనవాయితీ. పోయినవాడు డ్యూటీలోనే ఉన్నట్టు లెక్క. గంగాధరం మంచం మీద దుప్పటి పరిచేవారు, బూట్లు పాలిష్ చేసి కింద పెట్టేవారు, అతని పేరున ఒక రొట్టె పక్కన తీసేవారు. తెల్లారేసరికి దుప్పటి నలిగి ఉండేది. బూట్లలో మంచు ఉండేది. చలిలో సెంట్రీ నిలబడి కునుకు పట్టినవాడి చెంప ఛెళ్ళుమనేది. ఎవరూ భయపడలేదు. మనవాడే కదా, మనల్ని కాస్తున్నాడు అనుకున్నారు.

పొద్దున్నే వరస కట్టే ఫాలిన్‌లో గంగాధరం పేరు పిలిస్తే ఎవరో ఒకరు పలకాలిగా. పక్క మంచంవాడే పలకాలని తేల్చారు. అప్పటినుంచి ఇస్రాయేలు రెండు పేర్లకీ పలికాడు. ఆ పోస్టు దిగాక వేరే యూనిట్‌కి పోయినా, సర్వీసు అయిపోయి ఊరొచ్చినా, పలకొద్దని ఎవరూ అతనికి చెప్పలేదు. అలా చెప్పేవాళ్ళు లేకపోయారు. కుడిపక్క చలి అతని వెంటే ఊళ్ళోకి వచ్చింది, విమానమెక్కి మస్కట్ కూడా వచ్చింది. చర్చిలో బల్ల మీద కూర్చున్నా కుడివైపు ఒకరు పట్టేంత జాగా వదిలేవాడు. ఇది విశ్వాసి చేసే పనేనా అని లోపల పీకుతూనే ఉండేది. కానీ ఎంత సిగ్గుపడ్డా, ఆ జాగాలోకి జరగడం మాత్రం అతని వల్ల కాలేదు.

ఇప్పుడు చెప్పండి. చదువుకి ముఖం వాచిపోయినవాడు గంగాధరం. పటాలం పుణ్యమా అని ఫ్రీ సీటు దొరికింది ఇస్రాయేలుకి. ఇస్రాయేలు మనసు ఎలా ఉంటుంది? ఈ సీటు వాడిదిరా, నాది కాదు అనిపించింది. అందుకని బెంచీలో కుడి సగం అతనికి వదిలి, తను ఎడమ సగంలో ఒదిగి కూర్చున్నాడు.

ఆ జాగాలో ఇంకెవరూ కూర్చోలేకపోయారు. నేపాలీ ఒకరోజు వచ్చి కూర్చుని, ఏసీ గాలి సరిగ్గా ఇక్కడే కొడుతోందని లేచిపోయాడు. ఏసీ ఆ రోజు పాడైపోయి ఉంది.

వారం తిరిగేసరికి ఇస్రాయేలుకి గుండె జారిపోయే సంగతి ఒకటి తెలిసింది. పాఠం సగమే ఎక్కుతోంది. మామూలుగా సగం కాదు. బోర్డుకి ఎడమ సగంలో ఉస్తాద్ రాసిందంతా పొల్లు పోకుండా గుర్తుంటోంది. కుడి సగంలో రాసింది ఒక్క ముక్క కూడా ఉండటం లేదు. చూస్తాడు, రాసుకుంటాడు, రూముకొచ్చి తన చేత్తో తను రాసుకున్నది చదివితే అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఉండేది. మళ్ళీ కళ్ళు మూసుకుంటే పోయేది. మంట ఎన్ని రకాలు అని అడిగితే రెండు చెప్పేవాడు, మిగతా రెండూ బోర్డు కుడివైపు ఉండిపోయాయి.

శుక్రవారం సహం వెళ్ళినప్పుడు జ్ఞానాంబకి చెప్పాడు. ఆవిడ నర్సు కదా, ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. బీపీ చూసింది, షుగరు చూసింది, అన్నీ బాగానే ఉన్నాయి. మందులకు లొంగే జబ్బు కాదని ఆవిడకి అప్పుడే తెలిసిపోయి ఉంటుంది.

రియాజ్ మాత్రం అదేం జబ్బని అడగలేదు. క్లాసు వదిలాక గేటు బయట చెట్టు నీడలో కూర్చోబెట్టి, కుడివైపు పాఠమంతా నోటితో మళ్ళీ చెప్పేవాడు. "రాసిండేది నిలబడకపోతే ఇనిండేదన్నా నిలబడతాది లేన్నా" అనేవాడు. నిజంగానే రియాజ్ నోట విన్నది నిలిచేది. ఎడమవైపు నుంచి వినేది కాబట్టేమో మరి. డ్యూటీ చేసి, వంట చేసుకుని, తన చదువు తను చదువుకుని, ఇంకొకడికి పాఠం చెప్పే ఓపిక ఎవరికుంటుంది? రియాజ్‌కి ఉంది. నవ్వుతూ చెప్పేవాడు. అలా రోజూ చెట్టు కింద చదివి చదివి ఇస్రాయేలు రాతపరీక్ష గట్టెక్కాడు. మిగిలింది ప్రాక్టికల్.

ప్రాక్టికల్‌కి ముందు శుక్రవారం ప్రార్థన అయ్యాక భార్యాభర్తలిద్దరూ సహం సముద్రం ఒడ్డున కూర్చున్నారు. జాలర్లు ఇసకలో పడవల మీద వలలు ఆరేసి ఉంచారు. ఎప్పటిలాగే జ్ఞానాంబ ఇతనికి ఎడమవైపు కూర్చుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ ఇతనికి కుడివైపు కూర్చుని ఎరగదు. గాలి అటునుంచి వస్తోంది, ఇసక కళ్ళలో పడుతోంది, కాస్త ఇటు వస్తానని ఆవిడ లేచింది. ఇతను ఆలోచించకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టినందుకు తనే భయపడిపోయాడు.

ఆవిడ నిలబడే ఉంది. ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట అప్పుడు అడిగింది.

"సీబ్‌లో ఇల్లొచ్చాక ఆ ఇంట్లో ఎంతమందిమి ఉంటామండీ?"

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. మీరు చెప్పిన గంగాధరం గారంటే నాకు భయం లేదు, కోపం కూడా లేదు అంది. ఆయన చలిలో మిమ్మల్ని కాశాడు, దండం పెట్టుకుంటాను అంది. "కానీ మీ చదువు సగం ఆయన పట్టుకుపోతున్నాడు. కాపురంలో సగం ఎప్పుడో పట్టుకుపోయాడు. నాకు మిగిలిన సగంలోంచి ఇంకా ఏమివ్వమంటారు?"

"వాడే కదా చదువుకుంటానన్నది" అన్నాడు ఇస్రాయేలు. ఆవిడ మళ్ళీ ఎడమవైపే వచ్చి కూర్చుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. కాలేజీ వెనక పాడుబడ్డ విల్లా ఒకటి ఉంది, ప్రాక్టికల్స్ దాంట్లోనే. పద్ధతి చాలా సులువు. ఏడుగురు లోపలికెళ్ళి తలో గదిలో ఉంటారు. పొగ వదిలి సైరన్ కొడతారు. పరీక్ష ఇచ్చేవాడు బయట ఆవరణలో వార్డెన్‌గా నిలబడి, వచ్చినవాళ్ళని వరసలో పెట్టి, లెక్కపెట్టి, అందరూ వచ్చారో లేదో గట్టిగా చెప్పాలి. వార్డెన్ తను లోపలికి పోకూడదు. అతని మాటే ఆఖరు మాట. ఒకడు తక్కువంటే మాస్కులు వేసుకున్న కాలేజీ మనుషులు లోపలికి పరిగెడతారు. అందరూ వచ్చారంటే ఇక ఎవరూ వెళ్ళరు. ఒక్కడు ఎక్కువ లెక్కపెడితే ఒక్కడు లోపలే చస్తాడు, అందుకని ఒక్కొక్క మొహం చూసి లెక్కపెట్టాలి అని ఉస్తాద్ పాఠంలో చెప్పాడు. ఆ ముక్క బోర్డుకి కుడివైపు రాశాడు. రియాజ్ చెట్టు కింద అన్నీ చెప్పాడు గానీ, ఇది ఎవరికైనా తెలిసిందేలే అని వదిలేశాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. పరీక్ష అంటే చిన్న మెలిక ఉండాలిగా. లోపలికెళ్ళిన ఏడుగురిలో ఒకణ్ణి ఉస్తాద్ చాటుగా పిలిచి, మేడ మీద స్టోర్ రూములో దాక్కో, పిలిచేదాకా రావద్దని చెప్పేవాడు. ఇస్రాయేలు వంతు వచ్చినప్పుడు అలా దాక్కున్నవాడు రియాజ్.

మిట్టమధ్యాహ్నం. ఆవరణలో కాకి కూడా లేదు. పరీక్షకని బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. ఉస్తాద్ సైరన్ కొట్టాడు. కిటికీల్లోంచి తెల్లగా పొగ వచ్చింది. ఒక్కొక్కరే దగ్గుకుంటూ, మొహాలకి గుడ్డలు అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఇస్రాయేలు గొంతెత్తి వాళ్ళని వరసలో పెట్టాడు. పటాలం గొంతు, ఆ మాట చెప్పుకోవాలి. ఎగ్జామినరు కూడా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

లెక్కపెట్టాడు. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి ఆరుగురు. ఆఖర్న, ఎప్పటిలాగే, అలవాటు చొప్పున, తల తిప్పకుండా, తన కుడిపక్క ఒకడు. ఏడు. సరిపోయింది. ఎంత చక్కగా సరిపోయిందో చూడండి, ఒంటి మీద వెంట్రుకలు లేస్తాయి తలుచుకుంటే. అందరూ వచ్చారని చెప్పడానికి చెయ్యి పైకెత్తాడు. సీబ్‌లో క్వార్టరు, జ్ఞానాంబ, ఆవిడ వండిన వేడి అన్నం, అన్నీ ఆ ఎత్తిన చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి.

అప్పుడు కుడి చెవి వెనక నుంచి చెమట బొట్టొకటి జారి మెడ మీద పడింది.

ఇస్రాయేలు చెయ్యి ఆగిపోయింది. ఇంకో బొట్టు జారింది. కుడి భుజం చురుక్కుమంది. ఎండ ఆ భుజం మీద ఇనపకడ్డీ కాల్చి పెట్టినట్టు తగులుతోంది. చొక్కా కుడివైపు తడిసి ఒంటికి అంటుకుపోతోంది. ఇన్నేళ్ళలో మొదటిసారి అతను తల తిప్పి తన కుడిపక్కకి చూశాడు. తెల్లటి గోడ, ఎండ, కింద తన నీడ. ఇంకేం లేవు. గంగాధరం అక్కడ లేడు. ఎప్పుడూ లేనివాడు లేకపోవడం వేరు. ఎప్పుడూ ఉండేవాడు లేకపోవడం వేరు. గంగాధరం కిరసనాయిలు డబ్బా తేవడానికి దిగిన పొద్దున కూడా ఇస్రాయేలుకి ఇంత భయం వెయ్యలేదు.

లేకపోతే ఎక్కడికి పోయినట్టు? తలెత్తి మేడ కేసి చూశాడు. మేడ మీద చివరనున్న స్టోర్ రూము కిటికీలోంచి వస్తున్న పొగ తెల్లగా లేదు, నల్లగా ఉంది.

అందరికీ వినపడేలా, పన్నెండేళ్ళుగా నోటికి రాని మాట అన్నాడు.

"గంగాధరం లేడు. ఒకడు తక్కువ. మేడ మీద స్టోర్ రూములో ఉన్నాడు."

ఆ పేరుగలవాడు క్లాసులో ఎవడూ లేడని ఎగ్జామినరు కాగితం తిరగేస్తున్నాడు. ఉస్తాద్ మాత్రం పేరు పట్టించుకోలేదు. నల్ల పొగ ఆయనా అప్పుడే చూశాడు. మాస్కులవాళ్ళని కేకేసి తనూ వాళ్ళ వెంట పరిగెత్తాడు. పొగ వదలడానికి పెట్టిన డబ్బా వేడికి పక్కనున్న పాత స్పాంజి పరుపు అంటుకుందని తర్వాత తెలిసింది. వేడికి తలుపు బిగుసుకుపోయింది. లోపల్నించి కొడుతున్నా సైరన్ మోతలో ఎవరికీ వినపడలేదు. ఇస్రాయేలు ఆవరణలోనే నిలబడ్డాడు. వార్డెన్ కదలకూడదు. కదలకుండా ఉండటమంత నరకం అతనికి కొండ మీద కూడా ఎదురుకాలేదు. వరసలో మొహాలు అప్పుడు చూసుకుంటే రియాజ్ కనపడలేదు. రియాజ్, రియాజ్ అని లోపల్లోపల పిలుస్తూ నిలబడ్డాడు.

రియాజ్‌ని దుప్పట్లో చుట్టి మోసుకొచ్చారు. మొహమంతా మసి, కనురెప్పలు కాలాయి, కానీ ఊపిరి ఆడుతోంది. నీళ్ళు తాగించాక మాట వచ్చింది. ఇస్రాయేలు చెయ్యి పట్టుకుని, తెలుగులో చెప్పాడు. పొగకి కళ్ళు కనపడక నేల మీద పడిపోయాడట. పక్కన ఎవరో పడుకుని ఉన్నట్టు తగిలిందట. మంచుగడ్డలా చల్లగా ఉన్నాడట ఆ మనిషి. ఆ చల్లదనానికి మొహం ఆనిస్తే అక్కడ మాత్రం గాలి బాగుందట, అందుకని తలుపు పగిలేదాకా అలాగే అతన్ని కరుచుకుని ఉండిపోయాడట.

"నన్ను ఈడ్చుకొచ్చినారు గానీ, ఆయప్ప లోపలే ఉండాడన్నా" అన్నాడు రియాజ్. "ఆయప్పని తెచ్చినారా?"

తలుపు పగలగొట్టినవాళ్ళు గదంతా వెతికే వచ్చారు. పరుపు బూడిద తప్ప ఏమీ లేదు. రియాజ్‌కి పొగ తలకెక్కిందని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. అంబులెన్సు వచ్చి అతన్ని తీసుకుపోయింది. మంట చల్లారింది. ఉస్తాద్ విల్లా తలుపు దగ్గరికి లాగి, తాళం చేతిలో పట్టుకుని, ఇస్రాయేలు వైపు తిరిగాడు. పరీక్ష ఇంకా అయిపోలేదు. వార్డెన్ ఆఖరు మాట చెప్పాలి. అది చెప్పనిదే తాళం వెయ్యకూడదు, అది చెప్పనిదే పాసు లేదు.

"అందరూ బయటికి వచ్చారా?" అని అడిగాడు ఉస్తాద్ హిందీలో, చాలా మెల్లిగా.

ఇస్రాయేలు ఒంటికి రెండువైపులా చెమట పట్టి ఉంది. మేడ మీది కిటికీ కేసి చూశాడు. అంత ఎండలో ఆ ఒక్క కిటికీ అద్దం లోపలివైపు ఆవిరి పట్టి, చలికాలం పొద్దునలాగా తెల్లగా ఉంది. నువ్వు చెప్పేదాకా నేను ఆగుతాను అన్నట్టు ఉస్తాద్ నిలబడే ఉన్నాడు. ఎగ్జామినరు పెన్ను తీశాడు. జ్ఞానాంబ అడిగిన మాట చెవిలో మోగుతోంది. లోపలికి పరిగెత్తి గంగాధరం చెయ్యి పట్టుకుని లాక్కురావాలని ఉంది. వస్తే మళ్ళీ తన పక్కనే నిలబడతాడు, అదీ తెలుసు. ఇస్రాయేలు అటెన్షన్‌లో నిలబడ్డాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"అందరూ వచ్చేశారు సాబ్. లోపల ఎవరూ లేరు."

ఉస్తాద్ తాళం వేశాడు.